కుక్కపిల్ల కుంటితే కాల్షియం సీసా కొనకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో హన్మకొండలో పెద్ద జాతి కుక్కల సరదా పెరిగిందని అర పేజీ వార్త వేశారు. ఫొటోలు బాగున్నాయి, కాదనను. ఒక చెవి నిలబడి ఇంకో చెవి వాలిపోయిన జర్మన్ షెపర్డ్ పిల్ల ఫొటోను మా ఆవిడ కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించింది కూడా. కానీ ఆ వార్త చివర్లో, పిల్ల ఎముకలు గట్టిపడాలంటే రోజూ కాల్షియం టానిక్ పట్టించాలని, కుంటితే డోసు పెంచాలని ఎవరో షాపాయన చెప్పినట్టు రెండు ముక్కలు వేశారు చూశారా, ఆ రెండు ముక్కల గురించే ఈ ఉత్తరం. పొడుగైతే మన్నించండి. కత్తెర వేయాలనుకుంటే నా సొంత గోల తీసేసి మందుల సంగతి మాత్రం ఉంచండి.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరైనవాణ్ని (ఇప్పుడు గార్డు అనకూడదట, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు). ఉండేది కాజీపేటలో. కుక్క నేను కొన్నది కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఎక్కడో ముచ్చటపడి కొని, అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోవడం లేదని పది రోజులకే తెచ్చి మా మీద వదిలి వెళ్లాడు. అప్పటికి పిల్లకు నిండా రెండు నెలలు లేవు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఉందని నాకు తర్వాత తెలిసింది. అమ్మినవాడికి ముందే తెలిసుంటుంది. సరే, అది వేరే ఉత్తరం. జర్మన్ షెపర్డ్, మగపిల్ల, పేరు సర్దార్.

సంక్రాంతి దాకా బాగానే ఉన్నాడు. అప్పటికి ఐదు నెలలు దాటి ఇరవై కిలోలకు దగ్గర పడ్డాడు. కనుమ నాడు పొద్దున లేచి గేటు దగ్గరికి వస్తుంటే ముందు ఎడమ కాలు నేలకు ఆనీ ఆననట్టు పెడుతున్నాడు. ముందు రోజు పతంగుల వెంట మిద్దె మీద ఎగిరినంతసేపు ఎగిరాడు కాబట్టి బెణికిందేమో అనుకున్నాం. పక్కింటావిడ వచ్చి చూసి, "దిష్టి తగిలింది వదినా, మస్తు బొద్దుగున్నడు, నల్లదారం కట్టు" అన్నది. కట్టాం. ఎదురింటి పెద్దాయన పసుపు సున్నం పట్టీ వేయమన్నాడు, అదీ వేశాం. వాడు పది నిమిషాల్లో ఆ సున్నమంతా నాకేసి నాలుక మండి ఇల్లంతా తిరిగాడు. మనిషికి వేసే పట్టీ కుక్కకు వేసేముందు, కుక్క ఒంటి మీద ఏది రాసినా అది కడుపులోకి పోయినట్టే అనే చిన్న సంగతి అరవై రెండేళ్ల నా బుర్రకు తట్టలేదు.

ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు, సిగ్గుపడుతూనే రాస్తున్నా. మెడికల్ షాపుకు పోయి కుక్కకు కాలు నొప్పి అంటే, కౌంటర్లో పిల్లవాడు, "ఏం గాదు కాకా, సగం గోళీ పెరుగన్నంల కలిపి పెట్టు, నయమైతది" అని మనుషుల డైక్లోఫెనాక్ గోళీలు నాలుగు చేతిలో పెట్టాడు. రెండు పూటలు పెట్టాను. కుంటడం తగ్గింది, నిజమే, కానీ మర్నాటికి తిండి మానేశాడు. ఆ మర్నాడు దొడ్లో దొడ్డికి పోతే నల్లగా తారులాగా ఉంది. పేగులో, కడుపులో రక్తం కారితే దొడ్డి అట్లా నల్లగా వస్తుందట. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మనుషుల గోళీలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బ తీస్తాయి. పారాసిటమాల్ కూడా డోసు మించితే కాలేయానికి ప్రమాదమే. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు, అది కుక్కల కోసం కాదులెండి, ఆ మందు వాడిన గొడ్డు చచ్చాక కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయని. మన బెజ్జూరు అడవిలో గుట్టల మీద మిగిలిన రాబందుల గురించి మీరే ఎన్నోసార్లు ఫొటోలతో రాశారు. రాబందు దాకా తెలిసిన సంగతి మన గల్లీలో మెడికల్ షాపు దాకా రాలేదంటే ఏమనాలి.

ఈలోగా అబ్బాయి ఫోన్ చేసి ఎముకలు బలహీనంగా ఉన్నాయేమో డాడీ అన్నాడు. షాపుకు పోతే వాళ్లూ అదే అన్నారు. రెండు సీసాల కాల్షియం, ఒక డబ్బా ఏదో పొడి ఇచ్చారు. ఇంటికొచ్చి సూది వేసే ఒకాయన కూడా కాల్షియం సూది వేసి పోయాడు. ఎవరిని అడిగినా ఒకటే మాట, కాల్షియం. పన్నెండు రోజులకు కాలు దానంతట అదే బాగైంది, మేము సీసా మహిమ అనుకున్నాం. మేడారం జాతరకు పోతూ, మా ఆవిడ వాడి కాలు బాగైనందుకు అమ్మవార్లకు బంగారం (బెల్లాన్ని అక్కడ అట్లా అంటారని మన దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు) ఇచ్చి వచ్చింది. మూడో రోజు ఇంటికొచ్చేసరికి వెనక కుడి కాలు ఎత్తి పెట్టి గేటు దగ్గర నిలబడి తోక ఊపుతున్నాడు.

ముందు ఎడమ పోయి వెనక కుడి ఎట్లా వచ్చిందో అర్థం కాలేదు. అప్పుడు మాత్రం నా పాత అలవాటు ఒకటి పనికొచ్చింది. గార్డు ఉద్యోగంలో ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగామో రాయకపోతే నిద్ర పట్టేది కాదు. గోడకున్న క్యాలెండర్ మీద ప్రతి రోజు గడిలో రాయడం మొదలుపెట్టాను. ము.ఎ. అంటే ముందు ఎడమ, వె.కు. అంటే వెనక కుడి, కింద ఒక గీత అంటే కొంచెం కుంటాడు, మూడు గీతలంటే కాలే పెట్టలేదు, తిండి తినకపోతే సున్న. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున నడకకు వచ్చే మిత్రులు నవ్వారు. కానీ చివరికి ఆ క్యాలెండర్ కాగితాన్ని చూసే రోగం తేలింది.

ఒక మిత్రుడు చెబితే వాణ్ని ఆటోలో వేసుకుని ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె ముందు నన్ను తిట్టలేదు, క్యాలెండర్ కాగితం తీసుకుని రెండు నిమిషాలు చదివింది. "అంకుల్, ఇట్లా ఎవరూ రాసుకుని రారు" అన్నది. తర్వాత వాణ్ని పక్కకు పడుకోబెట్టి ఒక్కో కాలు పట్టుకుంది. మనమైతే కీలు వంచి చూస్తాం కదా, ఆమె కీళ్లు చూశాక, కీలుకూ కీలుకూ మధ్య ఎముక పొడుగునా బొటనవేలితో కొద్దికొద్దిగా నొక్కుతూ పోయింది. కండ మీద కాదు, కండను పక్కకు జరిపి ఎముక మీదే. ముందు కాళ్లకు ఏమీ అనలేదు. వెనక కుడి తొడ ఎముక మధ్యకు వేలు రాగానే సర్దార్ తల తిప్పి ఆమె మణికట్టును నోట్లో పట్టుకున్నాడు. కొరకలేదు, వద్దన్నట్టు పట్టుకుని అట్లాగే ఆమె ముఖం చూశాడు. "కీలు కాదు అంకుల్, ఎముకే" అన్నది.

దాని పేరు పానోస్టియైటిస్ అట. పలకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పెద్ద జాతి పిల్లల్లో ఐదో నెల నుంచి ఏడాదిన్నర లోపు ఎక్కువగా వస్తుంది, జర్మన్ షెపర్డ్‌లకు అందరికంటే ఎక్కువ, ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువ. లాబ్రడార్, గ్రేట్ డేన్, రాట్‌వైలర్, డాబర్‌మన్ ఏవీ దానికి మినహాయింపు కాదు. కాళ్లలో పొడుగు ఎముకలు ఉంటాయి కదా, భుజం నుంచి మోచేతి దాకా ఉన్నది, దాని కింది రెండు, తొడ ఎముక, పిక్క ఎముక, వాటి లోపలి మూలుగ ఉండే చోట వాపులాంటిది వచ్చి నొప్పి పెడుతుంది. దెబ్బ తగలకుండానే కుంటడం, రెండు మూడు వారాల్లో దానంతట అదే తగ్గడం, కొన్నాళ్లు బాగుండి మళ్లీ ఇంకో కాలికి రావడం, ఒక్కోసారి ఒళ్లు వెచ్చబడి తిండి మీద ధ్యాస తప్పడం దీని తీరు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ కచ్చితంగా తేల్చలేదట. మంచి మాట ఏంటంటే రెండేళ్లు నిండేలోపు చాలా వరకు పూర్తిగా పోతుంది, ఎముకకు శాశ్వతంగా ఏ లోపమూ మిగలదు.

మా ఆవిడ వెంటనే, మా అబ్బాయికి కూడా చిన్నప్పుడు రాత్రిళ్లు పిక్కలు లాగుతున్నాయని ఏడ్చేవాడు, ఎదిగే నొప్పులు అనేవాళ్లు, అదేనా అని అడిగింది. జనం వాడే పేరు అదే కానీ రెండూ ఒకటి కావట. పిల్లల పిక్క నొప్పికి ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, దీనికి కనిపిస్తుంది. అదైనా మొదటి రోజుల్లో కనిపించకపోవచ్చు. మాకు మొదటి ఎక్స్‌రేలో అంతా బాగానే ఉంది. పన్నెండు రోజుల తర్వాత తీసిన దాంట్లో తొడ ఎముక లోపల నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మంచు పట్టినట్టు ఒక మచ్చ. రెండు ఎక్స్‌రేలకు, రక్త పరీక్షకు కలిపి మూడు వేలు దాటింది, అది కూడా రాయకపోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

రక్త పరీక్ష ఎందుకని నేనూ అడిగాను. మన దగ్గర గోమార్ల జ్వరం ఎక్కువ కదా, అది వచ్చినా ఈ రోజు ఈ కాలు, రేపు ఆ కాలు అన్నట్టు కుంటుతారట, దాన్ని ఎదుగుదల నొప్పి అనుకుని కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. అట్లాగే తుంటి కీలు సరిగా అమరకపోవడం, మోచేయి కీలు లోపం, కీలు లోపలి మృదులాస్థి ఊడిరావడం, ఇవన్నీ ఇదే వయసులో, ఇవే జాతుల్లో వస్తాయి. వీటికి ఎంత తొందరగా చూపిస్తే అంత మేలు. కుంటే ప్రతి పిల్లకూ ఇదే రోగమని నా ఉత్తరం చదివి ఎవరైనా ఇంట్లో కూర్చుంటారేమో అని నాకు భయం. ఎప్పుడూ ఒకే కాలు కుంటుతుంటే, కాలు అసలు నేల మీద పెట్టకపోతే, కీలు వాచితే, చిగుళ్లు పాలిపోతే, రోజంతా తినకపోతే, వెనక కాళ్లు ఈడుస్తుంటే ఆ రోజే తీసుకుపోవాలి.

ఇప్పుడు కాల్షియం దగ్గరికి వస్తాను. డాక్టరమ్మ వాడికి రోజంతా ఏమేం పెడుతున్నారో చెప్పమని పెన్ను తీసింది. మా ఆవిడ గర్వంగానే చెప్పింది. పెద్ద జాతి పిల్లల బస్తా తిండి రెండు పూటలా గిన్నె నిండా, రెండు గుడ్లు, అర లీటరు పాలు, ఆదివారం మటన్ ఎముకల చారు, రోజూ రెండు చెంచాల కాల్షియం, పొడి ఒక చెంచా. రాసుకుంటూ రాసుకుంటూ ఆమె పెన్ను ఆపి, "ఆంటీ, వీడు పెళ్లికొడుకా" అన్నది. ఆ బస్తా వెనక చిన్న అక్షరాల్లో కాల్షియం ఎంత శాతమో రాసి ఉంటుంది, నేను ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చదివాను. సుమారు 1 నుంచి 1.5 శాతం మధ్య ఉంటే పెద్ద జాతి పిల్లకు సరిపోతుందట, మా బస్తాలో అంతే ఉంది. అంటే కావాల్సినదంతా అందులోనే ఉంది, మేము పైన పోసిందంతా అదనం.

అదనమైతే బయటికి పోతుంది కదా అని మనం అనుకుంటాం. పెద్ద కుక్కలో కొంతవరకు అంతే. కానీ ఆరు నెలల లోపు పిల్ల పేగుకు వద్దని చెప్పడం సరిగా రాదు, పెట్టిన కాల్షియంలో ఎక్కువ భాగం లోపలికి లాగేస్తుంది, అది పోయి ఎముకల్లో చేరి, ఎముక ఎదగాల్సిన తీరును చెడగొడుతుంది. కాళ్లు వంకరపోవడం, కీళ్ల మృదులాస్థి గట్టిపడకపోవడం లాంటివి దాని ఫలితాలు. గ్రేట్ డేన్ పిల్లల మీద యాభై ఏళ్ల కిందటే పరీక్షలు చేసి, తిన్నంత పెట్టిన పిల్లల్లో ఎముకల లోపాలు ఎక్కువని చూశారు, తర్వాత కాల్షియం మీద విడిగా కూడా చేశారు. సర్దార్ నొప్పి మేము పోసిన కాల్షియం వల్లే వచ్చిందని మాత్రం డాక్టరమ్మ అనలేదు, నేనూ అనను. తగ్గించడానికి అది ఏ మాత్రం పనికిరాలేదు, పైగా ఇంకో నష్టం తెచ్చిపెట్టేది, అంతే. కాల్షియం ఎప్పుడూ వద్దని కూడా కాదు. బస్తా తిండి లేకుండా ఉత్త అన్నం, ఎముక లేని చికెన్ ముక్కల మీదే పెరిగే పిల్లలకు నిజంగానే కాల్షియం చాలక ఎముకలు మెత్తబడతాయి, మన దగ్గర అట్లాంటివీ చాలా ఉన్నాయి. ఎవరికి ఎంత అన్నది తిండి చూసి డాక్టర్ చెప్పాలి, షాపులో బిల్లు కొట్టేవాడు కాదు.

మాకు రాసిన వైద్యం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నొప్పి ఎక్కువున్న రోజులకు కుక్కలకు ఇచ్చే నొప్పి మందు, బరువు తూచి, అదీ కడుపులో పుండు మానడానికి మందు వాడి కొన్నాళ్లు ఆగాక, తిండి తిన్న తర్వాతే. ఆ గోళీలు మొదలుపెట్టాక ఇంకే నొప్పి మందూ వాటితో కలపొద్దని రెండుసార్లు చెప్పింది, స్టెరాయిడ్ సూది అసలే వద్దంది. మిగతాదంతా విశ్రాంతి. గొలుసుతో రోజుకు మూడుసార్లు పది నిమిషాల నడక, మిద్దె మెట్లు బంద్, బంతి ఆట బంద్. మా ఇంట్లో నున్నటి గ్రానైట్ బండలు, వాడు పరిగెత్తితే నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులు పోయేవి, వాటి మీద గోనె సంచులు పరిచాం. వచ్చిన చుట్టాలు ఇది ఇల్లా, రేషన్ షాపా అంటున్నారు.

అన్నిటికంటే కష్టమైంది తిండి తగ్గించడం. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనబడాలి, అంత సన్నగా పెంచమంది. మన దగ్గర సన్నగా ఉన్న కుక్కను చూస్తే తిండి పెట్టడం లేదా అంటారు, బొద్దుగా ఉంటే శభాష్ అంటారు. 48 లాబ్రడార్‌లను తోడబుట్టినవాటినే జంటలు కట్టి, ఒకదానికంటే ఇంకోదానికి పావు వంతు తిండి తగ్గించి జీవితాంతం చూసిన అమెరికా పరిశోధన ఒకటి 2002లో అచ్చయింది. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి తుంటి కీళ్ల అరుగుదల కూడా తక్కువే. ఈ సంగతి మా ఆవిడకు చెబితే, "కుక్కకు చెప్పినట్టే మీకూ చెప్పిందా డాక్టరమ్మ" అని నా పొట్ట వైపు చూసింది.

ఇంకొక మాట చెప్పకపోతే మనసు ఊరుకోదు. సర్దార్ కుంటుతున్నప్పుడు మా గల్లీలోనే ఒకరు, ఈ కుంటి కుక్కకు ఎంతని పెడతారు, బైపాస్ దగ్గర వదిలేసి ఇంకోటి తెచ్చుకోండి అని సలహా ఇచ్చారు. నవ్వి ఊరుకున్నాను. తర్వాత వారం చెరువు కట్ట దగ్గర ఒక లాబ్రడార్ కనిపించింది, ఏడెనిమిది నెలలుంటుంది, మెడలో బెల్ట్ ముద్ర ఇంకా పోలేదు, ముందు కాలు కుంటుతూ స్కూటర్ల వెంట పడుతున్నది. ఆగిన ప్రతి స్కూటర్ దగ్గరా వాసన చూసి వెనక్కి వస్తున్నది. రెండు రోజులు బిస్కెట్లు పెట్టాను, మూడో రోజు లేదు. దానికి ఏ రోగమో నాకు తెలియదు, కానీ ఒకవేళ ఇదే అయితే ఇంకో ఏడాదికి అదే బాగయ్యేది.

కాబట్టి ఎడిటర్ గారూ, మీకు నా విన్నపం ఇది. ఆ వార్తకు సవరణ వేయండి, లేదా మామునూరులో మన వెటర్నరీ కాలేజీ ఉంది, జగిత్యాల దిక్కు వాళ్లకు కోరుట్లలో ఇంకొకటి ఉంది, అక్కడి ప్రొఫెసర్లు ఎవరితోనైనా పెంపుడు జంతువుల గురించి వారానికొకసారి పావు పేజీ రాయించండి. పంటలకు తెగుళ్ల పేజీ వేస్తారు, బర్రెలకు గాలికుంటు గురించి వేస్తారు, పాతిక వేలు పోసి కుక్కపిల్లను కొంటున్న జనానికి షాపువాళ్ల మాట తప్ప ఇంకో మాట వినిపించడం లేదు.

సర్దార్‌కు ఇప్పుడు పది నెలలు దాటాయి. ఏప్రిల్‌లో ముందు కుడి కాలికి ఇంకోసారి వచ్చింది, తొమ్మిది రోజులు, రెండు గీతల స్థాయి. గోళీ లేకుండానే పోయింది. ఇంకో రెండు మూడుసార్లు రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి టెన్షన్ లేదు, క్యాలెండర్ మాత్రం రాస్తూనే ఉన్నాను. మూత తీయని కాల్షియం సీసా ఒకటి ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. వాపసు తీసుకోమని షాపుకు పోతే, తీసుకోరట, కావాలంటే దాని బదులు చికెన్ రుచి ఉన్నది ఇస్తానన్నాడు.

ఇట్లు,
రైల్వే రిటైర్డ్ ఉద్యోగి, కాజీపేట